ఎత్తు చాలదన్నారు: లైన్‌బ్యాకర్ సామ్ మిల్స్ గురించి, మీ బాబు గురించి

మీరు రాసినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్‌గా ఆడుతున్న మీ పదిహేనేళ్ల బాబుని "ఈ ఎత్తుకి ఆ పొజిషన్ కుదరదు" అని ఎవరో అన్నారు. వాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు సామ్ మిల్స్ అనే ఆటగాడి ఫొటో ప్రింట్ తీసి గోడకి అంటించాడు. ఆ సామ్ మిల్స్ ఎవరు అన్నది మీ మొదటి ప్రశ్న. వాణ్ని ఆ ఆటలో ఉంచాలా, మాన్పించాలా అన్నది రెండోది. మొదటిదానికి వివరంగా చెబుతాను. అది తెలిస్తే రెండోది మీరే సగం తేల్చుకోగలరు.

నేను నార్త్ కరోలినాలోని షార్లెట్ వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. 1995లో కరోలినా పాంథర్స్ జట్టు తన మొదటి సీజన్ ఆడినప్పుడు నాకు ఈ ఆటలో ఓనమాలు కూడా తెలియవు. సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ మాట్లాడుకునేది అదే కాబట్టి చూడటం మొదలుపెట్టాను. తర్వాత మా పెద్దవాడు హైస్కూల్లో నాలుగేళ్లు ఆడాడు. ఆ నాలుగేళ్లూ, వాడు కాలేజీకి వెళ్లిపోయాక ఇంకో ఆరేళ్లూ శుక్రవారం రాత్రి మ్యాచ్‌లలో సైడ్‌లైన్ పక్కన, బంతి ఎంత ముందుకెళ్లిందో కొలిచే పది గజాల గొలుసు పట్టుకునే వాలంటీర్‌గా ఉన్నాను. గొలుసు పట్టుకున్నవాడు మైదానానికి ఎంత దగ్గరంటే, ఆటగాళ్లు రొప్పుతుంటే వినిపిస్తుంది. లైన్‌బ్యాకర్ల గురించి నాకు తెలిసింది చాలావరకు అక్కడ నిలబడి నేర్చుకున్నదే.

ముందు ఆ పొజిషన్ గురించి రెండు మాటలు. అది తెలియకపోతే సామ్ మిల్స్ గొప్పతనం అర్థం కాదు. బంతి ఉన్న జట్టు అఫెన్స్, ఆపే జట్టు డిఫెన్స్. డిఫెన్స్‌లో పదకొండు మందిలో ముగ్గురో నలుగురో భారీ మనుషులు ముందు వరుసలో చేతులు నేలకి ఆనించి కూర్చుంటారు. దూరంగా వెనక, పాస్‌లు పట్టకుండా చూసే పరుగుగాళ్లుంటారు. ఈ రెండు వరుసల మధ్య నిలబడేవాళ్లు లైన్‌బ్యాకర్లు. ముందు లైన్‌కి వెనక ఉంటారు కాబట్టి ఆ పేరు. వాళ్లకి ఒకటే పని అని చెప్పలేం. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని ఆపాలి, పాస్ అయితే వెనక్కి వెళ్లి అడ్డుపడాలి, ఒక్కోసారి నేరుగా పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికే దూకాలి. ఈ మూడింటిలో ఏది చేయాలో తేల్చుకోవడానికి ఉండే సమయం ఒక సెకను కూడా కాదు.

మరి ఎలా తేల్చుకుంటాడు? బంతిని చూసి మాత్రం కాదు. కొత్తగా ఆడే పిల్లలందరూ చేసే తప్పు అదే, బంతినే చూస్తారు. అనుభవం ఉన్న లైన్‌బ్యాకర్ ఎదుటి జట్టు ముందు వరుసలో ఉండి తనవాళ్లకి దారి చేసే గార్డుని చూస్తాడు. గార్డు తల దించి ముందుకు దూకితే పరుగు వస్తోందన్నమాట. నిటారుగా లేచి ఒక అడుగు వెనక్కి వేస్తే పాస్. పక్కకి తిరిగి పరిగెత్తితే బంతి కూడా చాలాసార్లు అటే వెళ్తుంది. మీరు ఊళ్లో కబడ్డీ చూసే ఉంటారు. కూతకి వచ్చినవాడి మొహం చూస్తే మోసపోతాం, నడుం చూడు అని పెద్దవాళ్లు చెప్పేవారు కదా. ఇదీ అలాంటిదే. బంతి అబద్ధం చెప్పగలదు, క్వార్టర్‌బ్యాక్ కళ్లు అబద్ధం చెప్పగలవు. నూట ముప్ఫై కిలోల గార్డు మోకాళ్లకి అబద్ధం చెప్పడం కష్టం.

ఎత్తు ఎందుకు అడుగుతారో కూడా న్యాయంగా చెప్పాలి. ముందున్న ఆరున్నర అడుగుల మనుషుల మీదుగా చూడాలంటే ఎత్తు పనికొస్తుంది. చేతులు పొడుగుంటే అడ్డుకోవడానికి మీదికొచ్చే బ్లాకర్‌ని దూరంగా పట్టి నిలపొచ్చు. పాస్ దారిలో చేయి ఎత్తితే బంతి తగులుతుంది. ఇవన్నీ నిజమే. కాబట్టి మీ బాబుతో ఆ మాట అన్న మనిషి చెడ్డవాడని నేననను. ఆయన కొలవగలిగినదాన్ని కొలిచాడు. ఎత్తు కొలవడానికి టేపు చాలు. గార్డు మోకాలు కదలగానే ఈ కుర్రాడి కాలు కదులుతుందా లేదా అన్నది కొలవడానికి ఎవరైనా కూర్చుని చాలా మ్యాచ్‌లు ఓపిగ్గా చూడాలి. సామ్ మిల్స్ జీవితమంతా ఈ రెండు కొలతల మధ్యే నడిచింది.

ఆయన 1959 జూన్ 3న న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టాడు. పెరిగింది అక్కడే సముద్రం ఒడ్డున ఉన్న లాంగ్ బ్రాంచ్ అనే ఊళ్లో. ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. పెద్ద యూనివర్సిటీల జట్లు పిలవలేదు. మాంట్‌క్లెయిర్ స్టేట్ అనే కాలేజీలో చేరాడు. అది డివిజన్ త్రీ కాలేజీ. అంటే ఆట కోసం స్కాలర్‌షిప్పు ఇచ్చేది కాదు, చదువుకుంటూ ఇష్టంకొద్దీ ఆడేది. అక్కడ నాలుగేళ్లలో అయిదు వందలకు పైగా ట్యాకిల్స్ చేశాడు, ట్యాకిల్ అంటే బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టడం. అది ఆ కాలేజీ రికార్డు.

1981లో ఎన్ఎఫ్ఎల్ (ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్ జరిగింది, అంటే కాలేజీ కుర్రాళ్లని జట్లు వరసగా ఎంచుకునే కార్యక్రమం. అప్పట్లో డ్రాఫ్ట్ 12 రౌండ్లు. 28 జట్లు కలిసి మూడు వందల మందికి పైగా కుర్రాళ్లని ఎంచుకున్నాయి. ఆ ఏడాది రెండో ఎంపిక లారెన్స్ టేలర్. ఆరడుగుల మూడంగుళాల మనిషి, ఆ తర్వాత ఈ పొజిషన్ ఆడే పద్ధతినే మార్చేశాడు. ఆయన్ని తీసుకున్న జెయింట్స్ జట్టు ఆడేది కూడా న్యూజెర్సీలోనే, మాంట్‌క్లెయిర్‌కి పక్కనే. ఆ మూడు వందల పేర్లలో సామ్ మిల్స్ పేరు లేదు.

డ్రాఫ్ట్‌లో రానివాళ్లకి చిన్న దారి ఒకటుంటుంది. ఏదో ఒక జట్టు క్యాంపుకి వెళ్లి ఆడి చూపించుకోవచ్చు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ క్యాంపుకి వెళ్లాడు, సీజన్ మొదలయ్యేలోపు పంపేశారు. మరుసటి ఏడు కెనడా లీగ్‌లో టొరాంటో ఆర్గొనాట్స్ దగ్గరికి వెళ్లాడు, అక్కడా పంపేశారు. ఇంటికి వచ్చి న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్ హైస్కూల్లో టీచర్ ఉద్యోగంలో చేరాడు. పిల్లలకి ఫొటోగ్రఫీ, వడ్రంగం పని నేర్పేవాడు. సాయంత్రాలు స్కూల్ ఫుట్‌బాల్ జట్టుకి కోచింగ్‌లో సాయం చేసేవాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగమని మీ బాబుకి చెప్పండి. ఆ గోడ మీద ఫొటోలో ఉన్న మనిషి, 23 ఏళ్ల వయసులో, హైస్కూల్ పిల్లలకి రంపం పట్టుకోవడం నేర్పుతున్నాడు. కథ అక్కడ ముగిసిపోయినా ఆయన ఓడిపోయినట్టు కాదు. చేతిలో చదువుంది, పని ఉంది, ఆ పని బాగానే చేశాడు. ఆటని నమ్ముకోవడం అంటే మిగతావన్నీ వదిలేయడం అని మన పిల్లలు అనుకుంటారు. మిల్స్ అలా వదిలేయలేదు.

తర్వాత ఒక కొత్త తలుపు తెరుచుకుంది. ఇందులో అదృష్టం కూడా ఉందని ఒప్పుకోవాలి. 1983లో యుఎస్ఎఫ్ఎల్ అని కొత్త లీగ్ మొదలైంది. ఎన్ఎఫ్ఎల్ శరదృతువులో ఆడితే వీళ్లు వసంతంలో ఆడేవాళ్లు. ఒక్కసారిగా కొన్ని వందల మంది ఆటగాళ్లు కావాల్సి వచ్చింది. ఫిలడెల్ఫియా స్టార్స్ జట్టుకి మిల్స్ పేరు చెప్పింది ఎవరో తెలుసా? బ్రౌన్స్‌లో ఆయన్ని పంపేసిన కోచ్ సామ్ రుటిల్యానోనే. తను చేర్చుకోలేకపోయిన కుర్రాడి ఆట ఆయన మర్చిపోలేదు. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ నచ్చే మనిషి ఆయన. కాదన్నవాళ్లందరూ శత్రువులు కారు. కాదన్న చోట కూడా బాగా ఆడితే, చూసినవాడు ఎక్కడో ఒకచోట గుర్తుపెట్టుకుంటాడు.

స్టార్స్ కోచ్ జిమ్ మోరాకి కూడా మొదట ఆ ఎత్తు మీద నమ్మకం కుదరలేదు. ప్రాక్టీసులో మిల్స్ ట్యాకిల్స్ చూశాక అనుమానం పోయింది. మిల్స్‌కి 'ఫీల్డ్ మౌస్' అని ముద్దుపేరు కూడా పెట్టారు, అంటే పొలంలో తిరిగే ఎలుక. మూడు సీజన్లు ఆ లీగ్ నడిచింది. మూడుసార్లూ స్టార్స్ ఫైనల్‌కి వెళ్లారు. మొదటి ఏడు మిచిగన్ పాంథర్స్ చేతిలో 24-22తో ఓడారు, 1984లోనూ 1985లోనూ గెలిచారు. మిల్స్ మూడేళ్లూ లీగ్ మేటి ఆటగాళ్ల జట్టులో ఉన్నాడు. తర్వాత ఆ లీగ్ ఎన్ఎఫ్ఎల్ మీద గుత్తాధిపత్యం కేసు వేసింది. 1986లో జ్యూరీ వాళ్ల మాట నిజమే అని తేల్చి, నష్టపరిహారంగా ఒక్క డాలరు ఇచ్చింది. చట్టప్రకారం మూడింతలు చేస్తే మూడు డాలర్లు. లీగ్ అక్కడితో మూతపడింది.

ఆ ఏడాదే జిమ్ మోరాని ఎన్ఎఫ్ఎల్‌లో న్యూ ఓర్లియన్స్ సెయింట్స్ తీసుకుంది. ఆయన వస్తూ మిల్స్‌ని వెంట తెచ్చుకున్నాడు. డ్రాఫ్ట్‌కి ఎవరూ పిలవని మనిషి అయిదేళ్ల తర్వాత, 27వ ఏట, ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. చాలామంది ఆటగాళ్లు ఆ వయసుకి సగం దూరం నడిచేసి ఉంటారు.

సెయింట్స్ పరిస్థితి ఎలా ఉండేదో చెప్పాలి. 1967లో పుట్టిన ఆ జట్టు మొదటి ఇరవై సీజన్లలో ఒక్కసారి కూడా ఓటముల కన్నా ఎక్కువ గెలుపులు చూడలేదు. 1987లో 12 గెలిచి 3 ఓడి, మొదటిసారి ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లకి, వెళ్లింది. ఆ జట్టు బలమంతా నలుగురు లైన్‌బ్యాకర్లలో ఉంది. బయటి వైపు రికీ జాక్సన్, పాట్ స్విలింగ్. లోపలి వైపు వాన్ జాన్సన్, సామ్ మిల్స్. వాళ్లు ఆడేది సూపర్‌డోమ్ అనే కప్పున్న స్టేడియంలో కాబట్టి ఆ నలుగురినీ 'డోమ్ పట్రోల్' అనేవాళ్లు, ఆ డోమ్‌కి గస్తీ తిరిగేవాళ్లని. 1991లోనూ 1992లోనూ లీగ్ మొత్తంలో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు అదే. 1992 సీజన్‌కి ఆ నలుగురూ ప్రో బౌల్‌కి, అంటే ఆ ఏడాది మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి, ఎంపికయ్యారు. ఒకే జట్టులోని నలుగురు లైన్‌బ్యాకర్లు ఒకే ఏడాది అలా ఎంపికవడం ఎన్ఎఫ్ఎల్‌లో అదే మొదటిసారి. ఇంత చేసినా ప్లేఆఫ్స్‌కి వెళ్లిన నాలుగు సీజన్లలోనూ ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేకపోయారు. ఆ బాధ ఆ ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ నలుగురిలో స్విలింగ్, జాక్సన్ క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టేవాళ్లు, అవి టీవీలో కనిపిస్తాయి, పత్రికల్లో వస్తాయి. మధ్యలో ఉన్న మిల్స్ చేసేది అంతగా కనిపించదు. సైడ్‌లైన్ నుంచి కోచ్ చేతి సైగలు చేస్తే అవి చదివి, మిగతా పదిమందికీ ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేది ఆయనే. ఇప్పుడు డిఫెన్స్‌లో ఒకరి హెల్మెట్‌లో రేడియో ఉంటుంది, కోచ్ మాట నేరుగా వినిపిస్తుంది. అది వచ్చింది 2008లో. మిల్స్ కాలంలో అరవై వేల మంది అరుస్తుండగా సైగలు చదవాలి, ఎదుటి జట్టు నిలబడిన తీరు చూసి చివరి క్షణంలో ఆ పిలుపు మార్చాలి, మారినట్టు అందరికీ వినిపించేలా అరవాలి. ఆ తర్వాత మాత్రమే ట్యాకిల్.

ఇక ఎత్తు తక్కువైతే ఏం లాభమో కూడా చెబుతాను. ఈ ఆటలో ఇద్దరు ఢీకొన్నప్పుడు ఎవడి భుజం కిందుంటే వాడిదే పైచేయి. మూట ఎత్తేవాడు నడుం వంచి కిందనుంచి ఎత్తుతాడు కదా, అదే లెక్క. పొడుగాటి లైన్‌బ్యాకర్ కిందికి రావాలంటే మోకాళ్లు వంచాలి, మ్యాచ్ చివరికి అలిసిపోయి నిటారుగా లేచిపోతాడు. మిల్స్ మొదటినుంచీ అక్కడే ఉన్నాడు. రెండు వందల ముప్ఫై పౌన్ల బరువు, అంతా కాళ్లలోనే. ముందే చదివి ముందే బయలుదేరేవాడు కాబట్టి బ్లాకర్ సర్దుకునేలోపే వాడి ఛాతీ కింద భుజం పెట్టేవాడు. పొడుగు చేతులు లేని లోటు అలా పూడ్చుకున్నాడు.

1995కి ఆయనకి 36 ఏళ్లు దగ్గరపడ్డాయి. తొమ్మిది సీజన్ల తర్వాత సెయింట్స్‌ని వదిలి కొత్తగా పుట్టిన మా పాంథర్స్‌కి వచ్చాడు. హెడ్ కోచ్ డామ్ కేపర్స్, డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో. ఇద్దరూ స్టార్స్‌లోనూ సెయింట్స్‌లోనూ మిల్స్‌ని ఏళ్ల తరబడి దగ్గరగా చూసినవాళ్లే. ఇక్కడ టేపు ఎవరూ తీయలేదు.

అప్పటికి షార్లెట్‌లో స్టేడియం కట్టడం పూర్తి కాలేదు. మొదటి సీజన్ సొంత మ్యాచ్‌లన్నీ సౌత్ కరోలినాలో క్లెమ్సన్ యూనివర్సిటీ మైదానంలో ఆడారు. మొదటి అయిదు మ్యాచ్‌లూ ఓడిపోయారు. ఆరోది న్యూయార్క్ జెట్స్‌తో. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురు తెలుగు కుర్రాళ్లం ఒకే సోఫాలో కూర్చుని టీవీలో చూస్తున్నాం. జెట్స్ క్వార్టర్‌బ్యాక్ బబ్బీ బ్రిస్టర్ దగ్గర్లో ఉన్నవాడికి చేత్తో బంతి తోసినట్టు ఒక చిన్న పాస్ వేశాడు. ఆ దారిలో మిల్స్ ముందే నిలబడి ఉన్నాడు. బంతి పట్టుకుని 36 గజాలు పరిగెత్తి, చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. పాంథర్స్ 26-15తో గెలిచారు. జట్టు చరిత్రలో అదే మొదటి గెలుపు. ఆ పాస్ వేస్తారని ఆయనకి ఎలా తెలిసిందని నాకు చాలా ఏళ్లు ఆశ్చర్యంగా ఉండేది. గొలుసు పట్టుకుని పదేళ్లు నిలబడ్డాక అర్థమైంది, ఆయన బంతిని చూడలేదు.

మరుసటి వారం ఎదురుపడింది ఆయన పాత జట్టు సెయింట్స్, అవతల కోచ్ జిమ్ మోరా. 20-3తో గెలిచారు. ఆ తర్వాత రెండు వారాలకి, అంతకుముందు సీజన్ చాంపియన్లయిన శాన్‌ఫ్రాన్సిస్కోని కూడా ఓడించారు. కొత్త జట్టు మొదటి ఏడాది ఏడు మ్యాచ్‌లు గెలవడం అంతకుముందు ఎన్నడూ లేదు. 1996లో 12 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లి డల్లాస్ కౌబాయ్స్‌ని 26-17తో ఓడించారు. గ్రీన్‌బేలో చలికి గడ్డకట్టే మైదానంలో కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే లీగ్ ఫైనల్‌కి ముందు మ్యాచ్, ఓడిపోయారు. ఆ ఏడాది మిల్స్ వయసు 37, మళ్లీ ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు, మొత్తం మీద అయిదోసారి. పాంథర్స్ మొదటి మూడు సీజన్లలో ప్రతి మ్యాచ్‌నీ మైదానంలో మొదలుపెట్టిన ఆటగాడు ఆయనొక్కడే. 1997 తర్వాత ఆట మానేశాడు. ఎన్ఎఫ్ఎల్‌లో 12 సీజన్లు, 181 మ్యాచ్‌లు. స్టేడియం బయట మీరు చూసే విగ్రహం 1998లోనే పెట్టారు.

ఆటలోంచి తప్పుకున్నాక అదే జట్టులో కోచ్ అయ్యాడు, లైన్‌బ్యాకర్లకి నేర్పేవాడు. అంటే టీచర్ పనికి మళ్లీ వచ్చాడన్నమాట.

2003 ఆగస్టులో ఆయనకి పేగు క్యాన్సర్ అని తెలిసింది. అదే నెలలో జట్టులోని లైన్‌బ్యాకర్ మార్క్ ఫీల్డ్స్‌కి హాజ్‌కిన్స్ వ్యాధి బయటపడింది. ఫీల్డ్స్ కోలుకుని మరుసటి సీజన్ మళ్లీ ఆడాడు. మిల్స్ జబ్బు అలాంటిది కాదు. ఒక పక్క కీమోథెరపీ చేయించుకుంటూ, ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో వచ్చి కోచింగ్ చేస్తూ ఉండేవాడు. ఆ జట్టు రెండేళ్ల కింద, 2001లో, 16 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచిన జట్టు. 2003 సీజన్‌లో ప్లేఆఫ్స్‌కి వచ్చింది. 2004 జనవరి మొదట్లో డల్లాస్‌తో మ్యాచ్‌కి ముందు మిల్స్ ఆటగాళ్లతో మాట్లాడాడు. జబ్బు సంగతి తెలిసినప్పుడు నా ముందు రెండే దారులున్నాయి, వదిలేయడం, లేకపోతే దంచుతూ ఉండటం. నేను దంచుతూనే ఉన్నాను, మీరూ దంచుతూనే ఉండండి అన్నాడు. ఆయన ఇంగ్లీషులో అన్న 'కీప్ పౌండింగ్'ని నేను మా ఇంట్లో ఇలాగే చెబుతాను. రోకటి పోటుతో ఒక్క దెబ్బకి ధాన్యం బియ్యం కాదు. మా అమ్మ వడ్లు దంచుతుంటే చూసినవాణ్ని కాబట్టి నాకు ఆ మాట వినగానే అదే గుర్తొస్తుంది.

ఆ మ్యాచ్ 29-10తో గెలిచారు. తర్వాత సెయింట్ లూయిస్‌లో రెండు అదనపు సమయాలు ఆడి గెలిచారు, ఫిలడెల్ఫియాలో గెలిచారు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లి న్యూ ఇంగ్లండ్ చేతిలో 32-29తో ఓడిపోయారు. మిల్స్ ఆ తర్వాతి సీజన్ కూడా కోచింగ్ చేశాడు. 2005 ఏప్రిల్ 18న షార్లెట్‌లో చనిపోయాడు. 45 ఏళ్లు. ఆ ఏడాదే ఆయన 51 నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వకూడదని జట్టు నిర్ణయించింది. 'కీప్ పౌండింగ్' అన్న ఆ రెండు మాటలు ఇప్పుడు ఆటగాళ్ల జెర్సీ కాలరు లోపల కుట్టి ఉంటాయి. సొంత మైదానంలో ప్రతి మ్యాచ్‌కి ముందు ఎవరో ఒకరిని పిలిచి పెద్ద డ్రమ్ము కొట్టిస్తారు, అదీ ఆయన పేరు మీదే. మీ బాబు మ్యాచ్‌కి వెళ్లినప్పుడు చూసే ఉంటాడు.

ఈ ఆటలో దిగ్గజాలకి ఇచ్చే గౌరవమైన ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆయన చనిపోయిన పదిహేడేళ్ల తర్వాత, 2022లో తీసుకున్నారు. అర్హత ఉండే ఇరవై ఏళ్లలో అది చివరి ఏడు. ఒహాయోలోని కాంటన్‌లో ఆ రోజు ఆయన భార్య మెలనీ మాట్లాడారు. అక్కడ కూడా చిట్టచివర పిలిచారు కదా అని నాకు చాలా బాధ అనిపించింది. ఆవిడ మాటలు వింటుంటే మాత్రం ఆ బాధ కాస్త తగ్గింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఎత్తు గురించి కాదు, తల గురించి మొదట మాట్లాడాలి. లైన్‌బ్యాకర్ ప్రతి ఆటలోనూ ఢీకొట్టే మనిషి. మన పాంథర్స్‌లోనే మిల్స్ తర్వాత అంత బాగా చదవగలిగిన లైన్‌బ్యాకర్ ల్యూక్ కీక్లీ. 2013లో లీగ్ మొత్తానికి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. 2015, 2016, 2017 వరుసగా మూడేళ్లు కంకషన్‌తో, అంటే తలకి దెబ్బ తగిలి మెదడు అదిరిపోవడంతో, మ్యాచ్‌లు వదులుకున్నాడు. 2016 నవంబరులో ఆయన ఏడుస్తూ బండి మీద మైదానం వదిలి వెళ్తుంటే దేశమంతా టీవీలో చూసింది. 2020 జనవరిలో, 28 ఏళ్లకే, ఆట మానేశాడు. శాన్‌డియాగో జట్టు లైన్‌బ్యాకర్‌గా పేరు తెచ్చుకున్న జూనియర్ సేయావ్ మొత్తం ఇరవై సీజన్లు ఆడి, 2012లో 43 ఏళ్ల వయసులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. తర్వాత ఆయన మెదడుని పరీక్షిస్తే సీటీఈ ఉందని తేలింది. తలకి పదే పదే దెబ్బలు తగిలితే వచ్చే మెదడు జబ్బు అది. ఇవి చెప్పకుండా సామ్ మిల్స్ కథ ఒక్కటే చెబితే నేను మీకు అన్యాయం చేసినట్టే.

నార్త్ కరోలినాలో 2008లో ఇద్దరు హైస్కూల్ కుర్రాళ్లు ఆటలో తలకి దెబ్బ తగిలి చనిపోయారు. వాళ్ల పేరు మీదే 2011లో ఒక చట్టం వచ్చింది. కంకషన్ అనుమానం వస్తే ఆ పిల్లవాణ్ని వెంటనే ఆటలోంచి తప్పించాలి, ఆ రోజు మళ్లీ దింపకూడదు, అర్హత ఉన్న వైద్య నిపుణులు రాసి ఇస్తేనే తర్వాత ఆడనివ్వాలి. చట్టం బాగుంది. కానీ అది పనిచేయాలంటే పిల్లవాడు నిజం చెప్పాలి. మావాడు పదకొండో తరగతిలో ఒక దెబ్బ తిన్నాక తలనొప్పి మాకు నాలుగు రోజులు చెప్పలేదు. జట్టులో చోటు పోతుందని భయం. లైటు వేస్తే కళ్లు మూసుకుంటున్నాడని వాళ్లమ్మ కనిపెట్టింది. మూడు వారాలు ఆటకి దూరంగా ఉన్నాడు, తగ్గింది. నేను గొలుసు పట్టుకుని పది గజాల దూరంలోనే ఉండి కూడా గమనించలేకపోయాను. మీరు వాడితో ఇప్పుడే ఒక మాట తీసుకోండి: తల నొప్పి, వాంతి, మసక, నిద్ర పట్టకపోవడం, ఏదైనా సరే ఆ పూటే చెప్పాలి, చెప్పినందుకు ఇంట్లో ఆట మాన్పించం. ఆ రెండో సగం ముఖ్యం. మాన్పిస్తామని భయం ఉంటే పిల్లలు చెప్పరు. ఇక ట్యాకిల్ ఎలా నేర్పుతున్నారో మీరే వెళ్లి చూడండి. తల పక్కకి తప్పించి భుజంతో కొట్టమని ప్రతి ప్రాక్టీసులోనూ చెబుతున్న కోచ్ అయితే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. తల దించి గుద్దితే చప్పట్లు కొట్టే చోట అయితే, పొజిషన్ ఏదైనా సరే, నేను మా పిల్లవాణ్ని ఉంచను.

ఎత్తు సంగతి. పదిహేనేళ్లకి వాడు ఇంకా పెరగొచ్చు, పెరగకపోవచ్చు. అది ఎవరి చేతుల్లోనూ లేదు. వాడి చేతిలో ఉన్నది చదవడం. స్కూల్ జట్లు మ్యాచ్ వీడియోలు పిల్లల ఫోన్లకే పంపుతాయి. వాడు తన ట్యాకిల్స్ మాత్రమే చూసుకుంటూ ఉంటాడు, అందరు పిల్లలూ అంతే. ఒక వారం ట్యాకిల్స్ చూడొద్దని చెప్పండి. ఎదుటి గార్డు మొదటి అడుగు చూసి, అక్కడ వీడియో ఆపి, పరుగా పాసా అని పైకి చెప్పి, తర్వాత నడిపించి చూడమనండి. మొదటి రోజు సగం తప్పులు చెబుతాడు. నెల తర్వాత తేడా మీకే తెలుస్తుంది. చలికాలంలో స్కూల్లో కుస్తీ జట్టు ఉంటే చేర్పించండి. కిందనుంచి పట్టు దొరకబుచ్చుకోవడం అక్కడ నేర్చుకున్నంత బాగా ఇంకెక్కడా రాదు, మావాడికి ఎక్కువ పనికొచ్చింది అదే.

ఆ మాట అన్నది కోచే అయితే, వాణ్నే వెళ్లి అడగమనండి, మీరు వెళ్లొద్దు. "నేను ఎక్కడ ఆలస్యం అవుతున్నాను కోచ్?" అని అడగాలి. ఎత్తు గురించి అడిగితే ఎత్తు గురించే జవాబు వస్తుంది. వాణ్ని సేఫ్టీగా, అంటే డిఫెన్స్‌లో అందరికన్నా వెనక నిలబడేవాడిగా, పంపుతానంటే వద్దనొద్దు. అక్కడినుంచి ఆట మొత్తం కనిపిస్తుంది, చదవడం ఇంకా బాగా వస్తుంది.

ఎన్ఎఫ్ఎల్ గురించి వాడికి ఆశ పెట్టకండి, ఆశ తీసేయకండి కూడా. హైస్కూల్లో ఆడే పిల్లల్లో కాలేజీలో ఆడేవాళ్లే తక్కువ. మా వాడు కాలేజీలో ఆడలేదు. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాడు, మోకాళ్ల గురించి నాకన్నా వాడికే ఎక్కువ తెలుసు.

ఈ శుక్రవారం మ్యాచ్‌కి మీరు వెళ్తారు కదా. మీకు ఆట అర్థం కాదని రాశారు, ఏం ఫర్వాలేదు. బంతి ఎక్కడుందో వెతకొద్దు. మీ బాబు కాళ్లు మాత్రం చూడండి. అవతలి వాళ్లు కదిలిన క్షణంలో వాడి మొదటి అడుగు ముందుకి పడిందా, పక్కకి పడిందా, అక్కడే ఆగిపోయిందా. ఒక పది సార్లు చూసి కాగితం మీద గీతలు పెట్టుకోండి. అది ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం.